పరదా వెనక వాన

అక్టోబర్ 24, గురువారం

నకాయ సార్ వెళ్ళిపోయారు. ఇన్నాళ్ళూ ఆయన కారు తోలాను. ఎయిర్‌పోర్టులో దింపితే, లోపలికి పోతూ పోతూ వెనక్కి తిరిగి డిక్కీలో ఉన్న చదునైన పెట్టె చూపించి, "రఫీ, అది నీకే" అన్నారు. నేను వంగి సలాం చేశాను. ఆయన ఇంకా కిందికి వంగారు. నేను మళ్ళీ వంగాను. ఈ జపాన్ వాళ్ళతో ఇదే చిక్కు, ఎవరు ముందు ఆపాలో తెలియదు. వెనక కార్లవాళ్ళు హారన్ కొడితే గానీ తేలలేదు.

పెట్టెలో బొమ్మ. ఆయన ఆఫీసు గదిలో ఉండేది, నేను టీ తాగుతూ దాన్నే చూస్తుండేవాణ్ణి. గమనించినట్టున్నారు. చెక్క మీద చెక్కి, రంగుకొక పలక చేసి, కాగితం మీద ఒత్తుతారట. వాన గీతలకు వేరే పలక. అది చెక్కేటప్పుడు చెయ్యి జారితే వానంతా పాడైపోయినట్టే అని ఒకసారి చెప్పారు. నది. ఒడ్డున ఇళ్ళు. చెక్క వంతెన మీద గొడుగులేసుకుని పోతున్న మనుషులు, కింద పడవలో ఒకాయన. పైనుంచి కిందిదాకా సన్నటి వాన. వంతెన మీది వాళ్ళకు ముఖాలు లేవు, గొడుగులే. పడవాయనకు మాత్రం నువ్వుగింజంత ముఖం ఉంది.

పోయిన వారం కారులో ఉన్నట్టుండి, "డోంట్ గివ్ సన్. బ్లూ ఫినిష్" అన్నారు. దేనికంటున్నారో అప్పుడు అర్థం కాలేదు. ఎండ తగిలితే బొమ్మలో నీలం వెలిసిపోతుందన్నమాట. ఇప్పుడు నవ్వొస్తోంది. సార్, దోహాలో ఈ ముఐథర్ పేటలో నా గదిలోకి ఎండ రావాలంటే ముందు కిటికీ ఉండాలి. అది లేకే కదా నా పెళ్ళాం బోధన్‌లో ఉంది.

అక్టోబర్ 25, శుక్రవారం

బొమ్మ తగిలించాను. ఒక గోడకు తలుపు, ఒకదానికి బీరువా, ఒకదానికి ఏసీ. ఖాళీగా ఉన్నది ఖిబ్లా వైపు, నమాజుకు నేను ముఖం తిప్పే గోడ ఒక్కటే. మేకు వెన్నలో దిగినట్టు దిగింది. ఈ వయసులోనూ చేతిలో జోరు తగ్గలేదని మురిసిపోయాను.

పక్క గది లింబాద్రి వచ్చి చూశాడు. వేల్పూర్ మనిషి, సైట్లలో జిప్సం పలకలు బిగించే పని.

"మంచిగుంది రఫీ భాయ్. మా దిక్కు నాట్లప్పటి వాన లెక్కుంది. గని నువ్వు నమాజ్ జేసేటప్పుడు ముంగట మనుషుల బొమ్మ ఉండొచ్చునా?"

నిజమే. నాకంటే ముందు వాడికి తట్టింది, సిగ్గేసింది. వెంటనే పోయి ఒక కడ్డీ, ఆకుపచ్చ పరదా తెచ్చి బొమ్మ పైన బిగించాను. నమాజుకు వేస్తాను, అయ్యాక తీస్తాను. లింబాద్రి సైటు నుంచి చెక్క పట్టీలు తెచ్చి ఫ్రేముకే చుట్టూ అతికించాడు, అందానికట. వద్దన్నా వినలేదు.

బాగుంది. పరదా తీసినప్పుడల్లా వాన.

అక్టోబర్ 28

బోధన్ నుంచి ఫరీదా ఫోన్. అదే మాట.

"కిటికీ దొరికిందా?"

"దేవులాడుతున్న."

"హౌ, దేవులాడు."

ఒకసారి విజిట్ వీసా మీద వచ్చింది, ఇదే గదికి. మూసిన చోట ఆమెకు ఊపిరాడదు. బోధన్‌లో బస్సెక్కినా కిటికీ సీటు లేకపోతే దిగిపోయే మనిషి. రెండో వారానికే కారిడార్‌లో చాప వేసుకుని కూర్చుంది. వెళ్ళేటప్పుడు ఏడ్వలేదు, తిట్టలేదు. "గాలొచ్చే జాగ దొరికితె పిలువు జీ, ఉరికొస్త" అంది, అంతే. పెళ్ళై తొమ్మిదేళ్ళు. ఆ రెండు వారాలు తప్పితే కలిసి బతికింది నా సెలవుల్లో మాత్రమే. ఆమెకు నామీద కోపం లేదు, అదే నాకు కష్టంగా ఉంది. కోపముంటే బతిమాలుకోవచ్చు.

నవంబర్ 1, శుక్రవారం

అయ్యయ్యో. జరిగింది జరిగినట్టు రాసుకోవాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

మధ్యాహ్నం అసర్ నమాజు అయి జానిమాజ్ చాప మడుస్తుంటే వీడియో కాల్. అత్తమ్మ. ఆమె ఫోను గాజు పగిలి ఏదైనా సగమే కనబడుతుంది. సలాం చెప్తూనే అలవాటు కొద్దీ పరదా లాగాను.

అత్తమ్మ కేక వేసింది. "యా అల్లా! ఫరీదా, ఉరికిరా! అల్లుని ఇంట్ల కిటికీ! బయట వాన దంచి కొడ్తున్నది! దుబాయ్‌ల గింత వాననా బేటా!"

ఖతర్‌ను దుబాయ్ అనొద్దని పెళ్ళైన నాటి నుంచి చెప్తున్నాను. ఆ సంగతి వదిలెయ్యి.

ఫరీదా పిండి చేతులతో వచ్చింది. చూసింది. ఆ ముఖం! పెళ్ళిలో నన్ను చూసినప్పుడు కూడా అట్లా వెలగలేదు.

"అజీ, ఎప్పుడు మారినవ్ ఈ రూముకు? నాకు చెప్పనే చెప్పకపోతివి! కిందికెల్లి నీళ్ళు పోతున్నయా? అగ్గో, వంతెన!"

"అరె ఫరీదా, అది..."

"వీసా పెట్టు జీ. నేనొస్తున్న."

నోరు తెరిచే లోపే అత్తమ్మ పక్కింటికి చూపించడానికి ఫోన్ పట్టుకుని పరుగెత్తింది. గోడ, ఆకాశం, ఎవరివో చెప్పులు, కట్.

రేపు చెప్తా.

నవంబర్ 2

చెప్పలేదు. ఫరీదా చాలా సంతోషంగా ఉంది. అంత సంతోషంగా ఉన్న మనిషికి శనివారం పూట ఏం చెప్తాం.

నవంబర్ 4

రేపు చెప్తా. ఈరోజు సిగ్నల్ బాగాలేదు.

(సిగ్నల్ బాగానే ఉంది.)

నవంబర్ 5

వారానికొకసారి ఫోన్ చేసే మనిషి ఇప్పుడు పొద్దునా సాయంత్రం చేస్తోంది. చేసి నన్ను చూడదు. "కొంచెం పక్కకు జరుగు జీ, కనబడ్తలేదు" అంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక బొమ్మ మీద అసూయ పడతానని అనుకోలేదు.

"ఆ పడవాయన ఏం జేస్తున్నడు?"

"చేపలు పడ్తున్నడు."

"గింత వానలనా?"

"వానలనే బాగ పడ్తయట."

అబద్ధమేం కాదు. బొమ్మలో ఆయన చేస్తున్నది అదే కావచ్చు, నేను అడిగి రాలేదుగా. అంతలో ఫరీదా చెవి ఫోనుకు ఆనించి, "పావురాలు! అజీ, పావురాలు గూడ ఉన్నయా?" అంది. నేనూ విన్నాను. నిజమే, గూ గూ అని ఎక్కడి నుంచో. ఏసీలో ఏదో పాడైనట్టుంది. చూపించాలి.

"ఉన్నయి" అన్నాను.

నేనేం మోసం చేస్తున్నానా? లేదు. ఆమె అడుగుతోంది, నేను జవాబిస్తున్నాను. అంతవరకే.

నవంబర్ 9, శనివారం

మొన్న లింబాద్రికి చెప్పక తప్పలేదు. పడీ పడీ నవ్వాడు. తర్వాత, "ఇండ్ల ఏమున్నది భాయ్, నిజంగ కిటికీ ఉన్న రూము పట్టు. బొమ్మ ఊడబీకు. మ్యాటర్ ఖతం" అన్నాడు.

నిన్నా ఈరోజూ ఊళ్ళో పేటలన్నీ తిరిగాను. ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒకటి ఉంది, కిటికీ కూడా ఉంది. తెరిస్తే కింద హోటలు పొయ్యి. ఆ కాసేపట్లోనే నా చొక్కాకు కబాబు వాసన పట్టింది. అల్ తుమామాలో ఇంకొకటి. చూపించేవాడు "విండో, విండో" అని గర్వంగా తెరిచాడు. అవతల వంటిల్లు. ఒకాయన ఉల్లిపాయలు తరుగుతున్నాడు. సలాం చెప్పుకున్నాం. మూడోది అన్ని విధాలా బాగుంది, వెనక ఈతచెట్టు కూడా ఉంది. కానీ "ఫ్యామిలీ మాఫీ, ఓన్లీ బ్యాచిలర్" అన్నాడు, అంటే కుటుంబాలకు ఇవ్వరట. పెళ్ళాముండీ ఇన్నేళ్ళుగా బ్యాచిలర్‌గా బతికేవాణ్ణి, నేను ఏ లెక్కలో వస్తానో అడుగుదామనుకున్నాను.

రేపు చెప్తా.

నవంబర్ 14, గురువారం

పొద్దున్నే మసీదులో వాన నమాజు. ఏటా ఈ రోజుల్లో వాన కోసం అందరూ కలిసి చదువుతారు. ఖతరంతా వాన అడిగింది. నేను కిటికీ అడిగాను. తెలుగులో అడిగాను, పక్కవాడికి అర్థం కాకుండా. ఈ డైరీ తెలుగులో రాసుకునేదీ అందుకే. బోధన్‌లో తెలుగు మీడియం చదువు ఇన్నేళ్ళకు ఇట్లా పనికొస్తోంది. మేమంతా గదికొకరుగా అద్దెకుంటున్న ఈ విల్లాలో లింబాద్రికి తప్ప ఎవరికీ చదవరాదు, వాడికేమో ఓపిక లేదు.

నవంబర్ 19

ఫరీదా పోరు పడలేక పెట్టిన వీసా వచ్చేసింది. టికెట్ కూడా తీసుకుంది, డిసెంబర్ ఆరు.

"అమ్మ గొడుగిస్తున్నది జీ. పెద్దది, నల్లది."

"గొడుగెందుకు ఫరీదా ఇక్కడ?"

"ఎందుకేంది? నీ కిటికీల ఎప్పుడు సూసినా వాననే గద! తగ్గదా ఆ వాన?"

"తగ్గుతలేదు."

ఫోను కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది. తర్వాత మెల్లగా, "పడవాయన గూడ కదుల్తలేడు" అంది.

"పడవ కట్టేసుకున్నడు."

"హౌ. నేనూ గదే అనుకున్న."



నవంబర్ 20

రేపు చెప్తా అని రాయబోయి ఆగాను. పేజీలు వెనక్కి తిప్పితే అదే మాట కనబడింది, నా రాతే, నా మీద నాకే అసహ్యమేసింది.

ఆమె పెట్టె పట్టుకుని ఈ గదిలోకి రావడం, నేరుగా పోయి పరదా తీయడం, చేత్తో గాజు తాకి చూడడం తలుచుకున్నాను. ఆ క్షణం ఇక్కడ రాకూడదు, ఈ మూసిన గదిలో. తెలియాలంటే అక్కడే తెలియాలి, తన ఇంట్లో, తనకు ఊపిరాడే చోట. రాకపోతే రాదు. శుక్రవారం చెప్పేస్తాను, ఒట్టు.

నవంబర్ 22, శుక్రవారం

జుమా నమాజు నుంచి వచ్చి, ఫోను బీరువాకు ఆనించి నిలబెట్టి కాల్ చేశాను.

"ఒక మాట జెప్త ఫరీదా. మొత్తం విని తర్వాత తిట్టు."

పరదా తీశాను. ఫ్రేము రెండు చేతులతో పట్టుకుని గోడ మీది నుంచి ఎత్తాను. నది, వంతెన, వాన అన్నీ నా చేతుల్లోకి వచ్చేశాయి.

"ఇది బొమ్మ. నకాయ సార్ ఇచ్చిపోయిండు. కిటికీ లేదు. రూము మారలే. నువ్వు ఊపిరాడక వాపస్ పోయిన రూమే ఇది. నువ్వు గంత ఖుషీ అయితివి, చెప్పబుద్ధి కాలే."

ఆమె బొమ్మను చూడలేదు, నా వెనక బోసి గోడను చూసింది. చాలాసేపు చూసింది. "అందరికి జెప్పుకున్న జీ" అని, ఫోన్ పెట్టేసింది.

ఫ్రేము పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఏడుపొచ్చింది. ఏడిస్తే తప్పేంటి, ఎవరూ లేరు. కళ్ళు తుడుచుకుందామని వంగితే కాళ్ళ ముందు నేల మీద రూపాయి బిళ్ళంత ఎండ.

ఎండ! నా గదిలో!

వెనక్కి తిరిగాను. ఫ్రేముతో పాటు మేకు ఊడొచ్చింది, మేకుతో పాటు అరచేతంత గోడ ఊడొచ్చింది. ఆ కన్నంలోంచి వెలుగు. కన్ను ఆనించి చూశాను. మురికి పట్టిన గాజు. గాజుకు అవతల పావురం. అది నన్నే చూస్తోంది.

"లింబాద్రీ!" అని నేనరిచిన అరుపుకు విల్లా అంతా పోగైంది.

లింబాద్రి వచ్చి గోడ మీద వేళ్ళతో కొట్టాడు. డబ్ డబ్. ఇంకోసారి కొట్టాడు. తల పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు.

"జిప్సం భాయ్ ఇది. కిటికీ మీదికెల్లి పలక కొట్టిన్రు. నేను దినాం చేసేది గిదే పని. గీ గోడకే ఒరిగి చాయ్ తాగుత. ఒక్కనాడు కొట్టి సూడకపోతి! మా కంపెనీకి తెలిస్తె నన్ను ఇంటికి తోలుతరు."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఈ గోడకు బొమ్మ తగిలించి దోహా అంతా కిటికీ కోసం తిరిగాను.

ఫరీదా ఫోన్ ఎత్తడం లేదు.

నవంబర్ 23, శనివారం

విల్లా చూసుకునే ఖయ్యూమ్ భాయ్, కరీంనగర్ ఆయన, పొద్దున్నే రుసరుసలాడుతూ వచ్చాడు. "ఎవడ్రా గోడ పగలగొట్టింది?" కన్నంలోంచి తొంగి చూసి మెత్తబడ్డాడు. ఇది ఒకప్పుడు పెద్ద హాలట. గదులుగా విడగొట్టినప్పుడు, కిటికీ కొలతకు పలక కోసే ఓపిక లేక ఎవడో మొత్తం మూసేశాడట. అవతల సందులో నీళ్ళ ట్యాంకు, పాత పరుపులు, అటు ఎవరూ పోరు. "తెర్సుకో. గని నువ్వు నన్ను అడగలే, నేను సూడలే" అని వెళ్ళిపోయాడు.

లింబాద్రి సెలవు పూట తన రంపం తెచ్చుకుని కసిగా కోశాడు. పలక తీసేసరికి నిలువెత్తు కిటికీ. అవతల ఇనుప కడ్డీలు. గాజుకూ కడ్డీలకూ మధ్య పావురం గూడు, అందులో రెండు గుడ్లు. ఏసీ బాగానే ఉందన్నమాట.

ఫోటో తీసి ఫరీదాకు పంపాను. జవాబొచ్చింది: "ఈ కిటికీ ఏ దేశపు బొమ్మ జీ?"

బొమ్మను కిటికీ అని నమ్మించినవాణ్ణి, ఇప్పుడు కిటికీని బొమ్మ అంటే నోరెట్లా ఎత్తను. వీడియో కాల్ చేస్తే ఎత్తదు. అత్తమ్మకు చేశాను. ఆమె పాపం ఏమీ తెలియకుండా ఎత్తింది. "అత్తమ్మా, ఫోను ఫరీదా ముంగట పెట్టు, పెట్టి పట్టుకో" అన్నాను. నా ఫోను లింబాద్రి చేతిలో పెట్టి, కిటికీ వైపు చూపించమని చెప్పి, బయటికి ఉరికాను.

విల్లా చుట్టూ తిరిగి, ట్యాంకు పక్క నుంచి దూరి, పరుపుల మీదెక్కి, కడ్డీల మధ్య ముఖం పెట్టాను.

"ఫరీదా! సూడు! బొమ్మ గిట్ల మాట్లాడ్తదా?"

పావురం బెదిరి నా తల మీది నుంచి ఎగిరిపోయింది. లోపల ఫోనులోంచి ముందు అత్తమ్మ గొంతు వినబడింది. "యా అల్లా, అల్లుణ్ణి జైల్ల ఏసిన్రా?"

తర్వాత ఫరీదా నవ్వు. ఆ నవ్వు ఆగలేదు. నేనూ నవ్వాను, లింబాద్రి నవ్వుతుంటే ఫోను ఊగిపోయింది.

"ముక్కుకు మసి అయింది జీ, తుడ్సుకో" అంది చివరికి.

లోపలికొచ్చి ఫోను తీసుకున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది.

"నాకు అనుమానం రాలేదనుకున్నవా? పడవ ఇన్ని దినాలు కదల్కపోతే ఎవలకన్న వస్తది. గని నాకు కిటికీ గావాలె, నీ దగ్గరికి రావాలె. అందుకే కట్టేసుకున్నడని నాకు నేనే జెప్పుకున్న. అబద్ధమాడింది నువ్వొక్కనివే కాదు."

"మరి టికెట్?"

"టికెట్‌కేమైంది? ఆరు తారీఖు. గొడుగు గూడ వస్తది."

డిసెంబర్ 6, శుక్రవారం

వచ్చింది.

డిసెంబర్ 7

పెట్టె గుమ్మంలోనే వదిలేసి నేరుగా కిటికీ దగ్గరికి పోయింది. కడ్డీలకు ముఖం ఆనించి ఊపిరి పీల్చింది. అవతల ఉన్నదేంటి? ప్రహరీ గోడ, ట్యాంకు పక్క భాగం, గోడ పైనుంచి వాలిన పక్కింటి రేగుకొమ్మ.

"నది లేకపోయినా నడుస్తది" అంది.

గుడ్లున్న రెక్క తెరవొద్దని హుకుం. రెండో రెక్క మాత్రమే తెరవాలి. బొమ్మను ఎవరికైనా ఇచ్చేద్దామా అంటే కళ్ళెర్ర చేసింది. "దాన్ని సూసే గద నేను వస్త అన్నది!" బీరువాను ఒక పక్కకు నెట్టి, ఎదుటి గోడకు తగిలించాను. సాయంత్రం ఎండ అక్కడిదాకా రాదు, నీలానికి భయం లేదు. నమాజులో ఇప్పుడు బొమ్మ నా వెనక ఉంటుంది. పరదా కిటికీకి వచ్చింది.

డిసెంబర్ 10

కారిడార్‌లో చాప అడగలేదు. నా గురక ఎక్కువైందట. హాయిగా తిట్టింది.

డిసెంబర్ 17, మంగళవారం

వాన!

పొద్దున ట్యాంకు మీద టపటపా మొదలైంది. ఫరీదా వంట వదిలేసి కిటికీ దగ్గరికి ఉరికింది. చెయ్యి బయట పెట్టి, తడి చెయ్యి నా ముఖానికి రుద్దింది. "ఇది ఏ దేశపు బొమ్మ జీ?" ఇక జీవితాంతం ఇదే మాట అంటుంది, అననీ.

బయటికొస్తే వీధంతా జనం. పక్కింటి ఖతరీ పెద్దమనిషి తన గేటు ముందు తెల్లబట్టల్లోనే చేతులు చాచి నిలబడ్డాడు. ఒక్కరి దగ్గరా గొడుగు లేదు, ఉన్నా వేసుకునే ఉద్దేశం ఎవరికీ లేదు. ఇక్కడి వీధులకు నీళ్ళు మింగడం రాదు. చూస్తుండగానే మా వీధి ఈ గేటు నుంచి ఆ బఖాలా కొట్టు దాకా నిండిపోయింది. బఖాలా వాడు చెక్క పలకలు వరసగా పరిచి దారి చేశాడు. లింబాద్రి దాన్ని చూసి మెట్ల మీదికి ఎక్కి అరిచాడు, "రఫీ భాయ్, వదినను తీస్కొని ఆడికెల్లి నడువు, ఫోటో తీస్త!"

ఫరీదా అత్తమ్మ గొడుగు తెచ్చి విప్పింది. మొత్తం వీధికి అదొక్కటే గొడుగు. ప్యాంటు పైకి మడిచి, ఆమె కొంగు పట్టుకుని, చెక్కల మీద అటు పోయాం. పాలు కొని ఇటు వచ్చాం. పాలు ఇంట్లో ఉన్నాయి.

ఫోటో బాగా వచ్చింది. నీళ్ళు, చెక్క దారి, ఒక నల్ల గొడుగు, దాని కింద రెండు జతల కాళ్ళు. ముఖాలు లేవు. నకాయ సార్‌కు పంపాను. ఆయన జపాన్‌లో ఏం పని మీదున్నారో గానీ వెంటనే జవాబిచ్చారు: "వెరీ గుడ్ రఫీ. బట్ వేర్ ఈజ్ బోట్‌మ్యాన్?"

పడవాయన ఏడి అని సార్ అడుగుతున్నారని ఫరీదాకు చెప్పాను. ఆమె గొడుగు కిటికీ కడ్డీకి తగిలించి ఆరబెడుతోంది. ఎదుటి గోడ మీది బొమ్మ వైపు ఒకసారి చూసింది, నా వైపు ఒకసారి చూసింది.

"కట్టు ఇప్పుకొని ఇంటికి పోయిండని జెప్పు."

సార్‌కు ఈరోజే చెప్పాను.